అల్యూమినియం చిప్స్ ఎంత పొట్టిగా నరకాలి?

లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మెషిన్ కింద పేరుకునే అల్యూమినియం తీగచుట్టలు (చిప్స్) చూపుకి కొండంత, తూకానికి గోరంత. 200 లీటర్ల డ్రమ్ములో వదులుగా వేస్తే 20 కిలోలు పట్టడం గగనం. అదే డ్రమ్ములో నరికే మెషిన్ (ష్రెడ్డర్) నుంచి వచ్చిన పొట్టి ముక్కలు 60, 70 కిలోల దాకా పడతాయి. లారీ బాడుగ మిగులుతుంది కాబట్టి అందరూ ముందు ఈ లెక్కే వేస్తారు. అసలు లాభం తడి దగ్గర ఉంది. పొడవాటి చుట్ట కూలెంట్‌ని, అంటే కోతలో చల్లబరచడానికి పోసే ద్రవాన్ని, కడుపులో దాచుకుంటుంది, పొట్టి ముక్క వదిలేస్తుంది.

ష్రెడ్డర్ దాకా వెళ్లకముందే గ్రేడులు (6061, 7075, 2024 లాంటి అల్యూమినియం మిశ్రమాల రకాలు) విడదీయాలి. ముక్కలయ్యాక 6061 ఏదో 7075 ఏదో ఏ కంటికీ తెలియదు. 7075లో జింకు 5 నుంచి 6 శాతం, 2024లో రాగి 4 శాతం అటూఇటూ ఉంటాయి. ఇవి 6061 డ్రమ్ములో కలిస్తే మొత్తానికీ కలగూరగంప ధరే. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు జాబ్‌వర్క్ షెడ్లలో ఒకే మెషిన్ మీద పొద్దున ఒక గ్రేడు, సాయంత్రం ఇంకో గ్రేడు నడుస్తుంటుంది. గ్రేడు మారిన ప్రతిసారీ చిప్ ట్రే, కన్వేయర్ ఊడ్చి డ్రమ్ము మార్చాల్సిందే. డ్రమ్ము మీద పెయింట్‌తో గ్రేడు రాయండి, కాగితం చీటీ కూలెంట్‌కి ఒక్క రోజు కూడా ఆగదు.

తర్వాత ఇనుము. నట్టు, బోల్టు, విరిగిన డ్రిల్లు బిట్టు లాంటివి ఫీడ్ కన్వేయర్ పైన వేలాడదీసిన మ్యాగ్నెట్‌కి అతుక్కుంటాయి. కరిగిన అల్యూమినియంలోకి వెళ్లిన ఇనుముని మళ్లీ బయటికి తీయడం మామూలు కొలిమిలో అయ్యే పని కాదు, అది పోతలో సూదుల్లా పేరుకుని భాగాన్ని పెళుసుగా మారుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలు చాలావరకు మ్యాగ్నెట్‌కి దొరకవు. కోయగా మిగిలిన అల్యూమినియం రాడ్డు తునకలు అసలే దొరకవు, పైగా ష్రెడ్డర్ పళ్లు విరగ్గొట్టేవి ఎక్కువగా అవే. అందుకే మ్యాగ్నెట్ ఒక్కటే చాలదు. చుట్టలని ముందు జల్లెడ బల్ల మీద దులిపితే బరువైనవి కిందికి రాలతాయి.

చుట్టలకి నెమ్మదిగా తిరిగే రెండు షాఫ్టుల ష్రెడ్డరే నయం. కొక్కేల్లాంటి పళ్లు చుట్టని లోపలికి లాక్కుని కత్తెరలా తెంచుతాయి. సుత్తులతో బాదే హై స్పీడ్ మిల్లు వేడిని, పొడిని పుట్టిస్తుంది. అల్యూమినియం పొడి గాల్లో లేస్తే నిప్పురవ్వ ఒక్కటి చాలు. నిప్పు అంటుకుంటే నీళ్లు కొట్టకూడదు, మండే అల్యూమినియం నీటితో కలిసి హైడ్రోజన్ వదులుతుంది. ఎండు ఇసుక కాని, లోహపు మంటల కోసం చేసిన పౌడరు కాని పక్కనే ఉంచుకోవాలి.

నడిపేటప్పుడు చూడాల్సింది ఆమీటరు. మెషిన్ ఖాళీగా తిరిగే ఆంపియర్లు మొదటి రోజే గోడ మీద రాసిపెట్టుకోండి. ఒకేసారి బండెడు చుట్టలు తోస్తే షాఫ్టు చుట్టూ తీగ బిగుసుకుంటుంది, లోడు పెరిగి మెషిన్ దానంతటదే వెనక్కి తిరుగుతుంది. అప్పుడప్పుడూ ఇలా అయితే మామూలే. చుట్టలు ఎప్పటిలాగే వేస్తున్నా పదే పదే వెనక్కి తిరుగుతుంటే పళ్లు మొద్దుబారాయని అర్థం. ఇంకో గుర్తు: తెగిన అంచు పదునుగా ఉండాల్సింది పోయి, ముక్కలు రిబ్బన్లా నలిగి బయటికొస్తాయి. బిగుసుకున్న తీగని చేత్తో లాగడం మాత్రం వద్దు. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే హుక్కు పట్టుకోవాలి. చేతి గ్లౌజు తీగకి చిక్కితే చెయ్యి కూడా వెంట పోతుంది.

ఎంత పొట్టిగా? 10 నుంచి 40 మిల్లీమీటర్లుంటే చాలు. ఇంకా సన్నం చేస్తే బాగా కరుగుతుందనుకోవడం పొరపాటు. కిలో అల్యూమినియం ఒకే ఘనంగా ఉంటే దాని ఉపరితలం సుమారు 310 చదరపు సెంటీమీటర్లు. అదే 0.1 మిల్లీమీటర్ల మందం చిప్స్ అయితే 7 చదరపు మీటర్లు దాటుతుంది, అంటే 200 రెట్లకి పైనే. గాలి తగిలే చోటంతా ఆక్సైడే. పొడి కరగడానికి ముందే మండి, డ్రాస్‌గా, అంటే తెట్టుగా, తేలిపోతుంది. స్క్రాప్ వ్యాపారంలో అంతర్జాతీయంగా వాడే ఐఎస్‌ఆర్‌ఐ (అమెరికా స్క్రాప్ వ్యాపారుల సంఘం, 2024 నుంచి పేరు రీమా) కొలతల్లోనూ 20 మెష్ (అంగుళానికి 20 రంధ్రాల) జల్లెడ దాటి రాలే పొడి 3 శాతం మించితే కోత వేస్తారు.

తడి తీసే పని సెంట్రిఫ్యూజ్‌ది, అంటే బుట్టని గిరగిరా తిప్పి ద్రవాన్ని విదిలించే మెషిన్‌ది. పొడవాటి చుట్టలు వేస్తే బుట్ట ఒకవైపు బరువెక్కి అదురుతుంది, అందుకే ముందు ష్రెడ్డర్, తర్వాత సెంట్రిఫ్యూజ్. సరిగ్గా తిరిగితే తడి ఒకటి రెండు శాతానికి దిగుతుంది. నమ్మకం లేకపోతే 500 గ్రాములు తూచి, 110 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. 10 గ్రాములు తగ్గితే రెండు శాతం నీరు ఉన్నట్టు. నూనె ఇందులో లెక్కకి రాదు, దానికి డ్రయ్యర్ కావాలి. కరిగిన లోహం కింద చిక్కిన నీరు ఒక్కసారిగా ఆవిరై 1,700 రెట్లు ఉబ్బుతుంది, కొలిమిలోని లోహం పైకప్పుకి ఎగుస్తుంది. డ్రయ్యర్ లేని చోట తడి చిప్స్ కరిగించే ఆలోచనే మానుకుని, ఉన్నవాళ్లకి అమ్మేయడం మేలు.

మరో మాట. చుట్ట పొడవు మొదట నిర్ణయమయ్యేది లేత్ దగ్గరే. చిప్‌ని విరగ్గొట్టే గాడి (చిప్ బ్రేకర్) ఉన్న కత్తి మొన (ఇన్సర్ట్) వేసి, ఫీడు (కత్తి ముందుకు జరిగే వేగం) కాస్త పెంచితే తీగ బదులు కామాల్లా తెగిపడతాయి. ఫినిషింగ్ కట్‌లో ఇది కుదరకపోవచ్చు కాని, రఫింగ్ (మొదటి ముతక కోత) చిప్సే బరువులో ఎక్కువ.

సెంట్రిఫ్యూజ్ అడుగున, ష్రెడ్డర్ కింద చేరే నల్లటి తడి బురదని మాత్రం మూత బిగించిన డ్రమ్ములో పెట్టొద్దు. సన్నటి అల్యూమినియం, క్షారపు కూలెంట్ కలిసి నెమ్మదిగా హైడ్రోజన్ వదులుతూనే ఉంటాయి, డ్రమ్ము ఉబ్బుతుంది. మూత వదులుగా వేసి, గాలి ఆడేచోట, వెల్డింగ్‌కి దూరంగా ఉంచాలి.