గుమ్మం దాటి వచ్చినవారు

క్షయ అని తేలాక నన్ను దగ్గుకంటే ఎక్కువగా ఒంటరితనం కుంగదీసింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రిళ్లు దుప్పటి తడిసిపోయేంత చెమట, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వీటన్నిటికీ మందులున్నాయని డాక్టరు ధైర్యం చెప్పారు. మందులకు లొంగే క్షయకు సాధారణంగా 6 నెలల చికిత్స. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు, ఆ తర్వాత కొన్ని తగ్గిస్తారు. గాలి ద్వారా సోకే జబ్బు కాబట్టి నన్ను చూడవచ్చినవారు గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు. వారిని తప్పుపట్టను. కాని మందులు సక్రమంగా వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మనుషుల భయం మాత్రం అంత త్వరగా తగ్గదు.

ఆ రోజుల్లో నాకు ప్రార్థన నోట రాలేదు. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన కీర్తనలు కూడా పెదవుల దగ్గరే ఆగిపోయేవి.

అప్పుడు మా క్రైస్తవ సంఘంలోని ఒక పెద్దావిడ వచ్చారు. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని నేరుగా లోపలికి వచ్చి, కిటికీలు రెండూ బార్లా తెరిచి, కుర్చీ నా మంచం పక్కకు లాక్కున్నారు. “నాయనా, మాత్రలు వేసుకున్నావా? రాత్రి కాస్తయినా నిద్ర పట్టిందా?” అని అడిగి నా చేతిమీద చేయి వేశారు. అంతకుముందు ఎంతకాలంగా ఎవరూ నన్ను ముట్టుకోలేదో ఆ క్షణంలోనే తెలిసింది. కుష్ఠరోగిని యేసు ముందు చేయి చాపి ముట్టాడు, “శుద్ధుడవు కమ్ము” అన్న మాట ఆ తర్వాత వచ్చింది. ఎన్నోసార్లు చదివిన ఆ వరుస నాకు ఆవిడ చేతి స్పర్శలో అర్థమైంది.

వెళ్లేముందు ఆవిడ లూకా సువార్త 15వ అధ్యాయం చదివారు. తప్పిపోయిన గొఱ్ఱె ఆ కథలో ఏమీ చేయదు. దారి వెదుక్కోదు, తిరిగి వస్తానని మాట ఇవ్వదు. కాపరే తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్తాడు, దొరికిందాకా వెదకుతాడు, దొరికాక సంతోషంతో భుజాలమీద వేసుకుంటాడు. ప్రార్థించలేని నాకు ఆ మాటే ఊపిరి పోసింది.

తప్పక బాగవుతానన్న హామీ నాకెవరూ ఇవ్వలేదు. తన శరీరంలో ముల్లులా బాధించేదాన్ని తొలగించమని అపొస్తలుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. బతికినా బతకకపోయినా ప్రభువు నన్ను విడువడన్న నిరీక్షణ నాకు అక్కడ దొరికింది. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. విశ్వాసముంటే మందులు మానేయాలని రోగికి చెప్పడం ఘోరం. పౌలు లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. నేను మాత్ర చేతిలో పెట్టుకునే ప్రార్థన చేసేవాణ్ణి.

క్రమంగా జ్వరం పోయింది, బరువు పెరిగాను. చికిత్స ముగిసేటప్పుడు చేసిన కఫం పరీక్షలో క్రిములు కనబడలేదు.

ఇప్పుడు నేను మందులు మధ్యలో ఆపేసినవారి దగ్గరికి వెళ్తున్నాను. దగ్గు తగ్గగానే జబ్బు పోయిందనుకుని కొందరు ఆపేస్తారు. వికారం భరించలేక కొందరు, నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గుతో కొందరు. అలా ఆపేస్తే మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా మొండికెత్తే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం వరుసగా 2 నెలలు మందులకు దూరమైన రోగిని చికిత్సనుంచి తప్పిపోయినవారి లెక్కలో రాస్తారు. ఆ లెక్కలోని ప్రతి పేరు వెనుకా ఎవరో ఒకరు వెళ్లి కూర్చోవలసిన మంచం ఉంటుంది.

ఒక యువకుడు నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దిండు కింద విప్పని మాత్రల అట్టలు. ఆ రోజు నేను బైబిలు తీయలేదు. మందులు మొదలుపెట్టగానే మూత్రం నారింజ రంగులోకి మారితే నెత్తురేమోనని వణికిపోయానని, అది రిఫాంపిసిన్ మందు రంగేనని నర్సు చెప్పాక కుదుటపడ్డానని చెప్పాను. అతడు ఇటు తిరిగాడు. “మీకూ అలాగే వచ్చిందా అన్నా?” అని అడిగాడు. మర్నాడు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాం.

కొన్నాళ్లకు, ఎందుకు వస్తున్నారని అతడే అడిగితే కాపరి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇంతవరకు ఆరాధనకు రాలేదు, రావాలని నేను షరతు పెట్టలేదు. అతని చికిత్స ఇంకా సగం మిగిలి ఉంది. ప్రతి వారం వెళ్తూనే ఉన్నాను, అతని కోసం పేరుపెట్టి ప్రార్థిస్తూనే ఉన్నాను.