ఆ డబడీ పాట ఏ వెర్షన్ వెయ్యాలి?

రుషికొండ, భీమిలి వైపు రిసార్టుల్లో సంగీత్ అంటే తొమ్మిది దాటాక ఎవరో ఒక బావగారు డీజే దగ్గరికొచ్చి "ఆ డబడీ పాట వెయ్యవయ్యా" అంటారు. పాట పేరు ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. డీజేకి మాత్రం ఏ డబడీ అన్నది తెలిసుండాలి. పెన్‌డ్రైవ్‌లో ఆ ట్యూన్‌తో కనీసం మూడు ఉంటాయి: రేడియో ఎడిట్ (రేడియో కోసం కుదించినది), ఐస్ పాప్ మిక్స్ అనే పొడుగు వెర్షన్, 2022లో వచ్చిన డేవిడ్ గెటా పాట. తప్పుది పడితే ఫ్లోర్ సగం ఖాళీ.

అసలు పాట, పల్లవిలో డబడీ అని పాడేది, ఈఫిల్ 65 వాళ్ల 'బ్లూ'. పేరులో ఈఫిల్ ఉన్నా పారిస్‌తో సంబంధం లేదు. ఇటలీలోని ట్యూరిన్ బ్యాండ్ అది. గొంతు జెఫ్రీ జే, కీబోర్డు మౌరిజియో లోబీనా, డీజే గాబ్రీ పోంటే. 1998లో ఇటలీలో వచ్చింది, ఊపందుకున్నది మాత్రం 1999లో. బ్రిటన్‌లో ఇంకా అధికారికంగా విడుదల కాకముందే బయటి నుంచి తెప్పించుకున్న డిస్కుల అమ్మకాలతోనే చార్టులో 39కి చేరింది. సెప్టెంబరులో అక్కడే విడుదల చేస్తే నేరుగా ఒకటో స్థానం, మూడు వారాలు. ఆ ఏడాది బ్రిటన్‌లో దీనికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ ఒక్కటే. 'బ్లూ' అమ్మకాలు మిలియన్ దాటాయి. అమెరికాలో 2000 జనవరిలో హాట్ 100 అనే అక్కడి పాటల చార్టులో ఆరో స్థానం. యూరోడాన్స్‌కి, అంటే ఈ తరహా యూరప్ డాన్స్ పాటలకి, అమెరికా ఎప్పుడూ గట్టి గోడే కాబట్టి, నన్నడిగితే బ్రిటన్ ఒకటి కన్నా ఆ ఆరే పెద్దది.

ఎందుకు అంత పాకిందంటే నాకు కనిపించే కారణం సింపుల్: పల్లవికి భాష లేదు. మన జానపదంలో తందనాన ఏం పని చేస్తుందో డబడీ కూడా అదే చేస్తుంది. పాడటానికి ఇంగ్లీషు రానక్కర్లేదు, నోరుంటే చాలు.

ఇక పని దగ్గరికి. పాట 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు), జీ మైనర్ స్కేల్. 128లో చక్కని లెక్క ఒకటుంది. నాలుగు బీట్ల బార్ 1.875 సెకన్లు, 8 బార్లు సరిగ్గా 15 సెకన్లు, 32 బార్లు సరిగ్గా నిమిషం. అంటే వాచీ చూసి కూడా తర్వాతి పాట ఎప్పుడు ఎత్తాలో చెప్పెయ్యచ్చు.

రేడియో ఎడిట్ డ్రమ్ లేకుండా మాటలతో మొదలవుతుంది. దాన్ని నడుస్తున్న పాట మీద బీట్ కలపాలని చూస్తే పట్టుకోవడానికి కిక్ (బీటు మీద పడే డ్రమ్ దెబ్బ) ఉండదు. సాఫ్ట్‌వేర్ కూడా గ్రిడ్‌ని, అంటే బీట్లు చూపే గీతల్ని, అక్కడే తప్పు గీస్తుంది, పాట మొత్తం అర బీటు పక్కకి జరుగుతుంది. మొదటి కిక్ దగ్గర చేత్తో క్యూ పాయింట్ (పాట ఎత్తే చోటుకి గుర్తు) పెట్టి, గ్రిడ్‌ని అక్కడికి లాగండి. లేదా ముందు పాటని పూర్తిగా ఆపి, ఆ మాటలు ఒంటరిగా వినిపించండి. నాకైతే ఇదే ఇష్టం. జనం గుర్తుపట్టి అరిచే క్షణం అదే. కలిపే ఉద్దేశముంటే పొడుగు వెర్షన్ ఉంచుకోండి.

గెటా పాట కూడా 128, జీ మైనరే, కాబట్టి రెండూ ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి. అదీ బ్రిటన్‌లో ఒకటో స్థానం, అమెరికాలో నాలుగు. పాతదాన్ని మించింది. కలిపేటప్పుడు రెండు గొంతులు ఒకేసారి నడవనివ్వద్దు. కొత్తది ఎత్తాక దాని బేస్ మొదట కట్ చేసి ఉంచి, బార్ మొదటి బీటు మీద పాతదాని బేస్ దించి కొత్తదాన్ని తెరవండి. రెండు కిక్‌లు కలిస్తే సబ్‌లో, అంటే బేస్ బాక్సులో, బురద చప్పుడే.

తెలుగు పాట 120లో ఉందనుకోండి. 'బ్లూ'ని దానికి దించాలంటే పిచ్ ఫేడర్ (పాట వేగం మార్చే మీట) 6.25 శాతం తగ్గాలి. కీ లాక్ (వేగం మారినా శ్రుతి మారకుండా ఆపే బటన్) వెయ్యకపోతే శ్రుతి ఒక అరస్వరం కన్నా కాస్త ఎక్కువే కిందకి పడి, గొంతు నిద్రమత్తులో ఉన్నట్టు వినిపిస్తుంది. తీన్మార్‌తో మాత్రం బీట్ కలపడం అనే ఆలోచనే మానుకోండి. దాని నడక మూడు మూడుగా విడిపోతుంది, ఇది రెండు రెండుగా. డప్పు ముక్తాయింపు పడగానే ఠపీమని కట్ చేసి ఇది వెయ్యడమే.

బీచ్ పక్క ఓపెన్ లాన్ అయితే సాయంత్రం గాలి నీటి మీంచి ఒడ్డుకి వస్తుంది. బాక్సుల వీపు సముద్రం వైపు ఉంటే సౌండ్ జనం మీదకి వస్తుంది. ఎదురు గాలిలో పెడితే వెనక వరసల్లో పాటలోని పియానో పలచబడిపోతుంది, ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, ముందు వరస చెవులు మూసుకుంటుంది. కిక్ పడ్డప్పుడల్లా స్టేజి లైట్లు మిణుకుమంటే తప్పు పాటది కాదు, జనరేటర్ చాలట్లేదని. లైట్లకీ ఆంప్‌లకీ వేరు వేరు లైన్లు అడగండి. మిక్సర్‌లో ఎర్ర లైటు వెలిగేదాకా బేస్ పెంచితే సబ్ గట్టిగా మోగదు, చిరుగుతుంది.

రాత్రి పదికి లౌడ్‌స్పీకర్ ఆపాలి, నిబంధన అది. పదికి పది నిమిషాల ముందు ఈ పాట ఎత్తితే బావగారు రెండోసారి అడిగినా వెయ్యడానికి టైముంటుంది. అయ్యాక కేబుళ్లు అలాగే చుట్టి పెట్టెలో పడెయ్యకండి. ఉప్పు గాలికి ఎక్స్‌ఎల్‌ఆర్ (సౌండ్ కేబుళ్ల చివరి ప్లగ్గు) పిన్నులు నల్లబడతాయి, తర్వాతి ఫంక్షన్‌లో ఒక వైపు బాక్సు గరగరలాడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక పెట్టండి.