ఒక్క గుడి తీయబోతే

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫైనల్ రిపోర్ట్ లింకు పెట్టి సబ్మిట్ నొక్కాను. గడువు ఇంకా రెండు రోజులుంది. హాల్ టికెట్ కూడా ఆఖరి గంటలో డౌన్‌లోడ్ చేసుకునే రకాన్ని నేను, కాబట్టి ఈ మాట మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నొక్కాక ఏమైనా అవుతుందేమోనని కాసేపు స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నా. ఏమీ కాలేదు. పక్క మంచం మీద నుంచి భాగ్య "లైట్ ఆఫ్ మాడే" అని విసుక్కుంది. అంతే, నా వేసవి అయిపోయింది.

మూడో సంవత్సరం పరీక్షలయ్యాక ప్రొద్దుటూరు వెళ్ళకుండా, ఇక్కడే మారతహళ్ళిలో పీజీలో ఉండిపోయి చేసిన పని ఇది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అంటారు. 2005 నుంచి నడుస్తోంది. డబ్బులు గూగుల్ ఇస్తుంది కానీ పని గూగుల్‌కి కాదు, ఏదో ఒక ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకోగలిగే) ప్రాజెక్టుకి. ఇది ఉద్యోగమూ కాదు, ఇంటర్న్‌షిప్పూ కాదని వాళ్ళే రాసుకున్నారు. మా నాన్న మాత్రం అంగడికొచ్చిన వాళ్ళందరికీ "మా పాప గూగుల్లో చేస్తాంది" అని చెప్పేశాడు. సరిదిద్దబోతే "దుడ్లిచ్చేది ఎవురు? వాళ్ళే గదా!" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాకు దొరికింది ఒక టెక్స్ట్ ఎడిటర్. పేరు రాయను, ఎందుకంటే మధ్యలో వాళ్ళని తిట్టుకున్నవి కూడా ఇక్కడ రాయబోతున్నాను. అందులో ఒక పాత ఇష్యూ (ఇక్కడ తప్పుందని వాడేవాళ్ళు రాసి పెట్టే ఫిర్యాదు) ఉంది: తెలుగులో బాణం కీ నొక్కితే కర్సర్ అక్షరం మధ్యలోకి దూరుతోంది. 'క్ష్మి'లో సగాన్ని సెలెక్ట్ చేసి రంగు మారిస్తే 'క్' ఒక చోట, మిగతాది ఒక చోట విడిపోయి, పొల్లు బయటపడుతోంది. నాలుగేళ్ళుగా తెరిచే ఉంది. కింద ఇద్దరు ముగ్గురు "నాకూ ఇంతే" అని రాసి వెళ్ళిపోయారు.

ఈ పని నేను చేస్తానని పంపిన ప్రపోజల్ మొదటి పేరాలో 2018 ఫిబ్రవరి సంగతి రాశాను. అప్పుడు 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లలో యాప్‌లు కూలిపోయేవి, గుర్తుందా? యాపిల్ ఒక అప్‌డేట్ పంపి సరిచేసింది. మన అక్షరం దెబ్బకి ఫోన్లు పడిపోయాయని మా క్లాసులో అప్పట్లో అందరం తెగ మురిసిపోయాం. ఆ కథే నాకు సీటు తెచ్చిందని నా అనుమానం.

సమస్య ఏమిటో కొంచెం చెప్తాను. 'లక్ష్మి' అని రాస్తే మన కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్‌కి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పైగా ఆ గుడిని ఆఖర్న కొడతామా, అది పోయి ముందున్న 'క' నెత్తిన కూర్చుంటుంది. ఈ కూర్చోబెట్టే పని చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. (పారశీకంలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఓపెన్‌టైప్ అనే ఫాంట్ల పద్ధతి పేరుని అలా అనువదించి పెట్టుకున్న పేరు. నాకైతే భలే నచ్చింది.) మొదటి రెండు వారాలు తప్పంతా దానిదేనని దాని కోడ్ చదువుతూ గడిపాను. దానికి పాపం ఏ సంబంధమూ లేదు, అది అక్షరాన్ని చక్కగానే గీస్తోంది. గీసిన అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది ఎడిటర్‌కి తెలియడం లేదు, అంతే. ఆ హద్దులు చెప్పే నియమాలు యూనికోడ్ వాళ్ళవి, అంటే అన్ని లిపుల అక్షరాలకీ కంప్యూటర్‌లో నంబర్లు ఇచ్చేవాళ్ళవి. పాత నియమం ప్రకారం పొల్లు దగ్గర అక్షరం తెగిపోతుంది, అంటే 'లక్ష్మి' నాలుగు ముక్కలు: ల, క్, ష్, మి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో దీన్ని మార్చారు. ఇప్పుడు రెండే: ల, క్ష్మి. మా ఎడిటర్ ఇంకా పాతదాన్నే పట్టుకుని ఉంది. కొత్త నియమం తేవాలి, కర్సర్‌కి నేర్పాలి. చదవడానికి ఎంత సులువుగా ఉందో కదా!

ప్రాజెక్టు తరఫున నాకు దారి చూపే మెంటర్లు ఇద్దరూ జర్మనీలో ఉంటారు. వాళ్ళకి సాయంత్రం ఆరంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. మీటింగ్ బుధవారం. మా పీజీలో బుధవారం, ఆదివారం చికెన్. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకి మొదలు, తొమ్మిదిన్నరకి గిన్నెలు తీసేస్తారు. మీటింగ్‌లో చూపించాల్సింది ఆఖరి నిమిషం దాకా కంపైల్ అవ్వదు కాబట్టి నేను ఏ బుధవారమూ టైముకి కిందికి దిగలేదు. మొదటి నెలంతా బుధవారాలు పులుసూ మజ్జిగే. తర్వాత పీజీ ఆంటీ కనిపెట్టి ఒక ప్లేటు మూతేసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఆంటీది కడప. ఆ ప్లేటులో లెగ్ పీస్ ఎప్పుడూ ఉండేది, ఇది భాగ్యకి తెలియకూడదు.

జులైలో మిడ్‌టర్మ్ నాటికి నా పెద్ద పుల్ రిక్వెస్ట్ (నా మార్పుల్ని మీ కోడ్‌లో కలుపుకోండని పంపేది) తయారైంది. ఎనిమిది వందల చిల్లర లైన్లు. కోడ్ సరిగ్గా పని చేస్తోందో లేదో చూసే టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, అంటే పాసయ్యాయి. కర్సర్ అక్షరానికి ఒకసారే ఆగుతోంది, సెలెక్షన్ విడగొట్టడం లేదు. బ్యాక్‌స్పేస్ కూడా నేను అక్షరానికి ఒక్కసారి చేశాను. ఎందుకంటే ఎడిటర్‌లో ఎమోజీలకి అప్పటికే అలా ఉంది. కుటుంబం ఎమోజీ నిజానికి ఐదు ముక్కలు: నాన్న, అతుకు, అమ్మ, అతుకు, పాప. బ్యాక్‌స్పేస్ కొడితే పాప ఒక్కతే పోయి అమ్మానాన్నలు మిగిలిపోతే బాగుండదు కదా, అందుకని మొత్తం కుటుంబాన్ని ఒకేసారి చెరిపేస్తారు. అదే ఫంక్షన్ని నేను తెలుగుకీ తగిలించాను. ఒకే నియమం, ఒకే కోడ్. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

రివ్యూలో పెద్ద మెంటర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "బ్యాక్‌స్పేస్ ఇలా ఉండాలని రోజూ తెలుగు టైపు చేసేవాళ్ళు ఎవరైనా చెప్పారా?" నాకు కోపం వచ్చింది. తెలుగు నా మాతృభాష అని రాశాను, కాస్త పొగరుగానే. ఆయన సరేనన్నాడు కానీ అప్రూవ్ చేయలేదు. రెండు వారాలు అలాగే ఉంచాడు. ఆ రెండు వారాలూ నేను ఆయన్ని తెలుగులో అన్న మాటలు ఆయనకి తెలిసే అవకాశం లేదు కాబట్టి క్షేమం.

అసలు సంగతి చెప్పాలంటే, నేను తెలుగు టైపు చేయను. వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే బ్యాచ్ నేను. మా ఫ్రెండ్స్ అందరమూ అంతే. ఫోన్ కాకుండా నిజమైన కీబోర్డు మీద తెలుగు కొట్టింది ఆ టెస్టులు రాసేటప్పుడే, అదీ సగం కాపీ పేస్టు.

ఆగస్టు మొదటి వారం. ఆంటీ ఆఫీసు గదిలో నోటీసు తయారు చేస్తోంది. పెళ్ళికి ముందు ఆంటీ కడపలో డీటీపీ సెంటర్‌లో పని చేసింది, పెళ్ళి పత్రికలు కొట్టేది. ఇప్పటికీ నోటీసులు చేత్తో రాయదు, టైపు చేసి ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటిస్తుంది. "ఆంటీ, నా ఎడిటర్‌లో కొట్టి చూడండి" అని నా ల్యాప్‌టాప్ ముందు పెట్టాను. నిజం చెప్పొద్దూ, మెచ్చుకుంటుందని.

ఇన్‌స్క్రిప్ట్ (మన లిపుల కోసం చేసిన కీల అమరిక) కీబోర్డు మీద ఆంటీ వేళ్ళు చూస్తే కుట్టు మిషనే. 'శుక్రవారం వరలక్ష్మి' దాకా గబగబా కొట్టి ఆగింది. దీర్ఘం పడలేదు, 'లక్ష్మీ' అని ఉండాలి. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కింది, చూడకుండానే గుడిదీర్ఘం కొట్టింది. స్క్రీన్ మీద 'వరలీ' అని ఉంది.

"ఏందిమ్మే ఇది? ఒక్క గుడి తీయబోతే అక్షరమంతా పాయ!"

మళ్ళీ కొట్టింది. క, పొల్లు, ష, పొల్లు, మ. ఆరు కీలలో తప్పు పడింది ఒక్కటే, దానికోసం ఆరూ మళ్ళీ. ఈసారి మ బదులు పక్క కీ తగిలింది. బ్యాక్‌స్పేస్. మళ్ళీ అంతా పోయింది. ఆంటీ నా వంక చూసి, "నువ్వు మూణ్ణెల్ల నుంచి చేస్తాండేది ఇదేనా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. వాళ్ళ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లు వాడేవాళ్ళు, వాటిలో వత్తు విడిగా ఒక ముక్క, గుడి విడిగా ఒక ముక్క. ఏది తప్పు పడితే అది తీసి వేరేది పెట్టుకోవడమే. యూనికోడ్‌కి మారినా చెయ్యి అలాగే అలవాటు పడి ఉంది: ఇప్పుడే కొట్టింది ఒక్కటి వెనక్కి రావాలి, అంతే. "మనిషి రాసేటప్పుడు ముక్కలుగానే రాస్తాడు. రాసినాక కదా అక్షరమయ్యేది" అంది. మెంటర్ మూడు పేజీల లింకులు పంపితే అర్థం కానిది నాకు ఆఫీసు గదిలో, ఇస్త్రీ బట్టల మూటల మధ్య అర్థమైంది. బాణం కీ, డిలీట్ కీ పూర్తయిన అక్షరాన్ని చూస్తాయి, వాటికి క్ష్మి ఒకటే. బ్యాక్‌స్పేస్ చూసేది అక్షరాన్ని కాదు, ఆఖర్న పడిన కీని. పొరపాటున నొక్కింది వెనక్కి తీసుకునే కీ అది. ఎమోజీ సంగతి వేరు, దాన్ని ఎవరూ ముక్క ముక్కగా కొట్టరు, జాబితాలోంచి ఒకేసారి ఎంచుకుంటారు.

ఆ రాత్రే పుల్ రిక్వెస్ట్ నేనే మూసేశాను. "నాది తప్పు" అని రాసి, ఆంటీ కథ మొత్తం పెట్టాను. చిన్న మెంటర్ ఒక చప్పట్ల ఎమోజీ పెట్టింది, మొత్తం చెరిగిపోయే రకం. కొత్తది తొంభై లైన్లు కూడా లేదు. దానికన్నా టెస్టు ఫైలే పెద్దది. అందులో పదాలు ఆంటీయే చెప్పింది, అన్నీ పెళ్ళి పత్రికల్లోవి: జ్యేష్ఠ పుత్రిక, దౌహిత్రుడు, సుముహూర్తం, లక్ష్మీనరసింహస్వామి. జర్మనీలో తయారయ్యే ఎడిటర్‌ని ఇకపై ఎవరు మార్చినా 'జ్యేష్ఠ' సరిగ్గా చెరుగుతోందో లేదో చూసుకోవాల్సిందే. ఆ పదానికి అర్థమేమిటని మెంటర్ అడిగితే పెద్ద కూతురని చెప్పాను. "మరి చిన్న కూతురికి టెస్టు లేదా?" అన్నాడు. 'కనిష్ఠ' కూడా చేర్చాను.

మొత్తం లెక్క పదకొండు పుల్ రిక్వెస్టులు: ఏడు మర్జ్ అయ్యాయి, అంటే ఎడిటర్‌లో కలిసిపోయాయి, మూడు మూసేశారు లేదా మూసేశాను, ఒకటి రివ్యూలో ఉంది. నా మార్పుల్ని వాళ్ళ తాజా కోడ్ మీదికి మార్చే రీబేస్ చేయబోయి ఒకసారి నాలుగు రోజుల పని పోగొట్టుకున్నాను, అది ఎలా తిరిగి దొరికిందో వేరే పోస్టులో రాస్తాను, ఓపిక ఉంటే. స్టైపెండ్ రెండో భాగం ఫైనల్ పాసయ్యాక వస్తుంది. మొదటి భాగంలోంచి అమ్మకి గ్రైండర్ కొన్నాను. "ఉన్నది బాగానే ఉంది కదమ్మా" అంటూనే మర్నాడు పక్కింటివాళ్ళని పిలిచి చూపించిందట.

ఇంక మిగిలింది భాగ్య. తనది దావణగెరె. మొన్న నా బిల్డ్‌లో, అంటే నా మార్పులతో తయారైన ఎడిటర్‌లో, కన్నడలో తన పూర్తి పేరు కొట్టింది, భాగ్యలక్ష్మి. బాణం నొక్కుతూ పోతే కర్సర్ ఏడు చోట్ల ఆగింది. అదే పేరు తెలుగులో కొడితే నాలుగే. నా కోడ్ తప్పేమో అని భయపడ్డాను. కాదు. 15.1లో ఆ కొత్త నియమం పెట్టిన లిపుల్లో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం ఉన్నాయి, కన్నడ లేదు. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, ఒకదానికి దక్కింది రెండోదానికి దక్కలేదు. నేను బెంగళూరులో కూర్చుని చేసిన పని బెంగళూరు భాషకే పనికి రావడం లేదన్నమాట.

"నన్న హెసరు ఏళు తుండా?" అంది. నా పేరు ఏడు ముక్కలా అని. నవ్వుతూనే అంది కానీ, ఇవాళ పొద్దున టిఫిన్‌కి దిగేలోపు అకౌంటు తెరిచి ఇష్యూ రాసేసింది, తన పేరునే ఉదాహరణగా పెట్టి. కింద మొదటి కామెంట్ నాది: "నా దగ్గర కూడా ఏడే."