ఫ్రిజ్ పాడైంది, పౌలు గుర్తొచ్చాడు

పొద్దున్నే ఫ్రిజ్ ఆగిపోయింది. మెకానిక్ ఎల్లుండి దాకా రాడట. విసుక్కుంటూ పాలు రెండోసారి కాస్తుంటే అమ్మ హాల్లోంచి బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక, అదే పౌలు జైల్లోంచి రాసిన ఉత్తరం, ఎత్తుకుంది, "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను" అని. పౌలుకి ఫ్రిజ్ బాధ లేదులేమ్మా అన్నా. జైలు బాధ ఉందికదే అంది. ఇంకేం మాట్లాడతా.

మధ్యాహ్నం ఊరికే కూర్చోలేక ఆ పత్రిక తీశా. మనం సంతృప్తి అంటున్నచోట గ్రీకులో ఉన్న మాట ఆటార్కేస్, తనకి తనే చాలినవాడు అని, స్తోయికులనే గ్రీకు తత్వవేత్తలు బాగా వాడిన మాట, బయట ఏం ఊడిపడ్డా లోపల చెక్కుచెదరకూడదు అనేది వాళ్ళ పట్టుదల. పౌలు సొంతూరు తార్సు వాళ్ళ చదువుకి పేరుపడ్డ ఊరే, ఏథెన్సులో వాళ్ళతో వాదించాడని బైబిల్లోనే అపొస్తలుల కార్యములు 17లో ఉంది, అక్కడే మీ కవులే అన్నారుగా మనం దేవుడి సంతానమని, అంటూ అరాటస్ అనే గ్రీకు కవి పద్యం ముక్క వాళ్ళకే వినిపించాడు. గడుసోడు.

కానీ రెండు వచనాలు దాటాక "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అంటాడు. తనకి తనే చాలడన్నమాట, వాళ్ళ మాట తీసుకుని అర్థం తిరగేశాడు. టెన్త్‌లో ఇదే వచనం అట్ట మీద రాసుకుని లెక్కల పరీక్షకి వెళ్ళా నేను, పైవచనం చూస్తేనేమో ఆయన చెప్పేది కడుపు నిండటం, పస్తులుండటం గురించి. లెక్కల గురించి కాదు పాపం.

ఇంకోటి, అదే పత్రిక 2వ అధ్యాయంలో పౌలుకి సాయంగా ఫిలిప్పీవాళ్ళు పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్ళొచ్చాడు, అతను పోయుంటే నాకు దుఃఖం మీద దుఃఖం అయ్యేది అని పౌలే ఒప్పుకుంటాడు. ఆ తర్వాతి తరం స్తోయికుడు ఎపిక్టెటస్ అయితే బిడ్డని ముద్దు పెట్టుకునేటప్పుడు వీడు చనిపోయేవాడే అని మనసులో అనుకో, అప్పుడు పోయినా కలత ఉండదు అంటాడు. బానిసగా పుట్టి కుంటికాలుతో బతికినాయన, ఊరికే అనుండడు, అయినా నాకు మింగుడు పడలేదు. అమ్మకి చెప్తే "పిల్లల్లేరేమో ఆయనకి" అంది.

సాయంత్రానికి పాలు విరిగిపోయాయి. నాకంటే అమ్మకే ఎక్కువ బాధేసింది, రెండు లీటర్లు. వచనం మాత్రం ఇద్దరం ఎత్తలేదు.