బస్సులో విన్న చింత

మలేషియాకు చెందిన పెనాంగ్ దీవిలోని బయాన్ లెపాస్ పారిశ్రామికవాడలో ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో చేరిన కొత్తలో, మలయ్ పాటలన్నీ ఏడుపు పాటలేనని నేను నిజంగానే నమ్మాను. తెల్లవారకముందే షిఫ్టుకు తీసుకువెళ్లే బస్సులో డ్రైవరు రేడియో పెట్టేవాడు. ఆ తెలియని మాటల మధ్య నా చెవి పట్టుకోగలిగిన మాట ఒక్కటే, 'చింత'. పాట మారినా ఆ మాట మారేది కాదు. ఇంత పచ్చని దేశంలో వీరికిన్ని చింతలేమిటా అనుకునేవాణ్ణి.

అది ప్రేమ అని చెప్పినది, మేమంతా 'కాక్' (అక్క) అని పిలిచే తోటి ఉద్యోగిని. మా భాషలో దానికి దిగులని అర్థమనీ, 'చీకూ చింతా లేని సంసారం' అంటే మెచ్చుకోలనీ చెబితే, అటువంటి ఇంట్లో ఎవరైనా ఎలా ఉంటారని ఆమె పడీపడీ నవ్వింది. పసిపిల్లల మీద ఉండేది మాత్రం చింత కాదు, 'సయాంగ్' అన్నది. తినకుండా అన్నం పారబోసినా 'సయాంగ్' అనే అంటారట, అయ్యో, వృథా అయిందే అన్న అర్థంలో.

సయాంగ్ వారి సొంత మాట. చింత సంస్కృతం నుంచి వెళ్లినది. సుమత్రాలోని పాలెంబాంగ్ దగ్గర దొరికిన, 683 నాటి కెడుకాన్ బుకిట్ శాసనం పల్లవ లిపిలో చెక్కిన పాత మలయ్. అప్పటికే అందులో సంస్కృత పదాలు కలిసిపోయి ఉన్నాయి. సంస్కృతంలో చింత అంటే ముందు ఆలోచన, ఆ తరువాత బెంగ. మనం బెంగ దగ్గర ఆగిపోయాము. పాత మలయ్ రచనల్లోనూ దానికి దుఃఖమనే అర్థం ఉండేది కాని, ఒకరినే తలచుకుంటూ కుమిలిపోయే ఆ స్థితి క్రమంగా వారికి ప్రేమ అయింది. 'బిరాహి' కథా అటువంటిదే: ఎడబాటుతో వేగే విరహి అక్కడ కోరికగా మారాడు. స్మరుడి పేరు నుంచి వచ్చిన 'అస్మరా' మాత్రం తిన్నగా వలపు దగ్గరికే చేరింది. మన్మథుడికి దారి చెప్పాలా!

ఆ ఆదివారం అమ్మ ఫోనులో, రాత్రి షిఫ్టుల సంగతి విని, "నాకెప్పుడూ నీ చింతేరా" అన్నది. ఆ మాటకు ప్రతిసారీ విసుక్కునేవాణ్ణి. ఈసారి ఆమెను ఆపలేదు.