జపాలన్నీ వచ్చేశాయా, టీచర్?

కథోలిక స్కూల్లో రెండో తరగతి పిల్లలకు సత్యోపదేశం, అంటే మా విశ్వాసం గురించిన పాఠాలు, చెబుతాను. ప్రథమ సత్ప్రసాదానికి, అంటే గుడి పూజలో క్రీస్తు శరీరంగా నమ్మే రొట్టెను మొదటిసారి తీసుకోవడానికి, పిల్లల్ని తయారుచేసే నెలల్లో నాకు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. పిల్లల వల్ల కాదు, "మావాడికి జపాలన్నీ వచ్చేశాయా, టీచర్?" అని తల్లిదండ్రులు రోజూ గేటు దగ్గర అడిగే ఆ ఒక్క ప్రశ్న వల్ల.

పరలోక జపం, మంగళవార్త జపం, పశ్చాత్తాప జపం, పది ఆజ్ఞలు, ఇవన్నీ రావాల్సిందే, నేను కాదనను. చిన్నప్పుడు నోటికి వచ్చిన జపం పెద్దయ్యాక మాట పెగలని రోజున అక్కరకొస్తుంది, మా అమ్మ చివరి రోజుల్లో కళ్ళారా చూశాను. కానీ అప్పజెప్పడమే విశ్వాసం అనుకుంటే మాత్రం నాకు బాధేస్తుంది.

ఒకప్పుడు చాలా చోట్ల పిల్లలకు పది, పన్నెండు, పద్నాలుగేళ్ళు వచ్చేదాకా సత్ప్రసాదం ఇచ్చేవారు కాదు. 1910లో పోపు పదవ పయస్ ఆ పద్ధతి మార్చి, ఏడేళ్ళు, అంటే మంచీచెడూ తెలిసే వయసు చాలన్నారు. సత్యోపదేశం అంతా పూర్తిగా తెలిసి ఉండక్కర్లేదు, మామూలు రొట్టెకూ దివ్యసత్ప్రసాదానికీ తేడా తన వయసుకు తగ్గట్టు తెలిసి, భక్తితో వస్తే చాలు. వందేళ్ళు దాటినా మనం ఇంకా నోటికి వచ్చిందా లేదా అనే చూస్తున్నాం!

మా క్లాసులో ఒక పాపకి పశ్చాత్తాప జపం మధ్యలో ఆగిపోతుంది. పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం, గురించి పాఠం చెప్పిన రోజు, అందరూ వెళ్ళాక నా దగ్గరికొచ్చి, తను పక్కబ్బాయి గీసిన బొమ్మ చింపేశానని చెప్పి, "సారీ దేవుడికి చెప్పాలా, వాడికా?" అని అడిగింది. ఇద్దరికీ చెప్పాలమ్మా అన్నాను. మర్నాడు ఇంట్లో మళ్ళీ గీసిన బొమ్మ ఒకటి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. కానుకను బలిపీఠం ముందు వదిలి ముందు సోదరుడితో సమాధానపడమని యేసు చెప్పిన మాట ఆ పాపకు నేనింకా నేర్పనేలేదు.

అంతకు వారం ముందు నేనే ఒక పిల్లాణ్ణి తప్పెవరిదో తెలుసుకోకుండా గట్టిగా కసిరాను, ఆ వెంటనే జపం మొదలుపెట్టాను. పాపను చూశాక వాణ్ణి పిలిచి అందరి ముందూ క్షమాపణ అడిగాను. క్లాసంతా నిశ్శబ్దం. ఈ ఏడాది నేను చెప్పిన సత్యోపదేశంలో పిల్లలు అంత శ్రద్ధగా విన్నది మరొకటి లేదు.

బిడ్డకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని కథోలిక బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965లో చెప్పింది. అందుకే ఇప్పుడు గేటు దగ్గర అడిగేవాళ్ళకి ఒకటే చెబుతున్నాను: రాత్రి జపం అయ్యాక ఈరోజు ఎవరినైనా నొప్పించావా అని అడగండి, ముందు మీ సంగతి మీరు చెప్పండి.

ఆ పాప ఇంకా అదే వాక్యం దగ్గర ఆగుతోంది. ప్రథమ సత్ప్రసాద పూజకు మూడు వారాలుంది, రోజూ ఇంటర్వెల్‌లో ఇద్దరం కలిసి చెప్పుకుంటున్నాం.