నాన్న బండి మీద రెండు నంబర్లు

నిన్న మధ్యాహ్నం ఆర్‌సీ చేతికొచ్చింది. ఇంజన్ నంబరు గడిలో ఇంజన్ నంబరు ఉంది, చాసిస్ నంబరు గడిలో చాసిస్ నంబరు, అంటే ఫ్రేమ్ మీది నంబరు, ఉంది. రెండూ వేరు వేరు. ఆ రెండు గడులు సరిగ్గా నిండడానికి పదకొండు నెలలు పట్టింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి మర్చిపోకముందే రాస్తున్నాను.

బండి మా నాన్నది. 1971లో పాత ఇనుము కొనే ఆయన దగ్గర తీసుకున్నారట. నాకు ఊహ తెలిసేసరికే అది నడవడం మానేసి పశువుల కొట్టంలో గోనెసంచుల కింద ఉంది. ఊళ్ళో అందరూ దాన్ని బుల్లెట్ అనేవాళ్ళు. నాన్న మాత్రం "మిలిటరీ బండి" అనేవారు. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన పోయాక కొట్టం పడగొట్టాల్సి వచ్చి, బండిని బయటికి లాగి కడిగినప్పుడు మొదటిసారి దాన్ని నిజంగా చూశాను.

అది బుల్లెట్ కాదని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వెనకాల షాక్ అబ్జార్బర్లు లేవు, ఫ్రేమ్ చక్రం దాకా బిగుసుకుని ఉంది. కూర్చునేవాడి నడుముని కాపాడేది సీటు కింద ఉన్న రెండు స్ప్రింగులే. ముందు ఫోర్కులు గొట్టాలు కావు, ఇనుప కమ్మీల చట్రానికి మధ్యలో ఒకే ఒక్క పెద్ద స్ప్రింగు. బుల్లెట్‌కి వాల్వులు పైన ఉంటాయి, దీనికి సిలిండర్ పక్కన ఉన్నాయి. అందుకే హెడ్ బల్లపరుపుగా ఉంది. మెకానిక్ కుర్రాడు హెడ్ విప్పి కొలిచాడు. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 82 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 94. లెక్క కడితే 496 సీసీ. ఇంజన్ మీద తుప్పు తుడిస్తే డబ్ల్యూఎం 20 అని, దాని పక్కన అంకెలు కనిపించాయి. భాగాల మీద నంబర్లు చాలావరకు 66తో మొదలయ్యాయి. బీఎస్ఏ కంపెనీ ఎం 20 మోడల్ అని ఆ రోజే తేలిపోయింది.

బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేయడానికి పెట్టిన కంపెనీ. రెండో ప్రపంచ యుద్ధానికి ఈ ఎం 20 బళ్ళు 1,26,000 దాకా తయారుచేసింది. 1940 నవంబరులో జర్మన్ విమానాలు వాళ్ళ స్మాల్ హీత్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేస్తే 53 మంది కార్మికులు చనిపోయారు. అయినా బళ్ళు ఆగలేదు. ఇది చదివిన రాత్రి మళ్ళీ లేచి వెళ్ళి బండి మీద పాత దుప్పటి కప్పొచ్చాను.

"అక్కా, ఫుట్‌రెస్టుకి రబ్బరు లేదు, ఎవరో పీకేశారు" అన్నాడు కుర్రాడు. ఎవరూ పీకలేదు. 1942 మొదట్లో మలయా జపాన్ చేతిలోకి పోయింది. రబ్బరు ఎక్కువగా అక్కడినుంచే వచ్చేది. అప్పట్నించి ఎం 20లకి ఇనుప ఫుట్‌రెస్టులూ, హ్యాండిల్‌కి రబ్బరు బదులు కాన్వాసు గ్రిప్పులూ వేశారు. లేని రబ్బరే బండి వయసు చెప్పింది. అందుకే చెబుతున్నాను, పాత బండి దొరగ్గానే "లోపాలు" సరిచేయడానికి పరిగెత్తకండి.

ట్యాంకు విషయంలోనూ అంతే. వాటర్ పేపర్ (రంగు రుద్దే గరుకు కాగితం) తడిపి, అరచేయంత మేర మాత్రమే, పొర తర్వాత పొర మెల్లగా రుద్దాను. పైన నాన్న వేయించిన నలుపు. దాని కింద నీలం, నీలం మీద పసుపు రంగులో తెలుగు అక్షరాలు, చివరి రెండు మాత్రం చదవగలిగాను, "కీస్" అని. దాని కింద మిలిటరీ ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద తెల్ల రంగుతో ఇంగ్లిష్ సి అక్షరం, తర్వాత కొన్ని అంకెలు. బ్రిటిష్ సైన్యం మోటార్ సైకిళ్ళకి ఇచ్చిన నంబర్లు సి తోనే మొదలవుతాయి. ఈ పని నేనే చేశానని గర్వంగా చెప్పుకుంటాను. పెయింటర్‌కి ఇచ్చి ఉంటే అరగంటలో అంతా గీకేసేవాడు.

ఇక ఆఫీసు సంగతి.

50 ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. కొత్తగా నమోదు చేసుకుంటే 20,000 రూపాయలు కట్టాలి, వి ఎ అనే అక్షరాలతో కొత్త నంబరు ఇస్తారు. ఇదివరకే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. నాకు కావలసింది అదే. నాన్న పెట్టెలో పాత ఆర్‌సీ పుస్తకం ఉంది, మద్రాసు రాష్ట్రం నాటిది. ఆ నంబరు ప్లేటు బండికి ఇంకా ఉంది. ఆ నంబరు పోతే నాకు ఈ పనంతా వద్దు.

ఇన్సూరెన్సు, ఫారాలు, వారసత్వం కాగితాలు వారంలో అయిపోయాయి. తనిఖీకి బండిని ట్రాలీ మీద తీసుకెళ్ళాను. అక్కడి అధికారి పెన్సిల్ ప్రింట్ తీయించారు, అంటే నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడం. ఇంజన్ నంబరు పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఫ్రేమ్ మెడ (హ్యాండిల్ కింది భాగం) దగ్గర ఉన్న చాసిస్ నంబరు మాత్రం అక్షరాలు అవే, అంకెలు వేరు. పుస్తకంలో రెండు గడుల్లోనూ ఒకటే నంబరు రాసి ఉంది.

"చాసిస్ మారింది మేడమ్. ఇది రెండు బళ్ళు కలిపి కట్టింది. లేకపోతే దొంగబండి" అన్నారు, లైనులో అందరికీ వినపడేలా.

"మా నాన్నగారిదండీ, యాభై ఏళ్ళుగా మా ఇంట్లోనే ఉంది" అన్నాను.

"అయితే ఎక్కడ కొట్టుకొచ్చాడో ఆయన్నే అడిగి రండి."

వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. "ఆయన లేరండీ" అన్నాను. ఆ అధికారి కాగితాలు నా వైపు తోసి తర్వాతి మనిషిని పిలిచారు. నా వయసు యాభై రెండు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. ఆ రోజు ట్రాలీ డ్రైవర్ ముందు ఏడవకూడదని జిరాక్సు కొట్టు దగ్గర బెంచీ మీద ముప్పావుగంట కూర్చున్నాను. మా నాన్న ఒకరి వస్తువు ముట్టుకునే మనిషి కాదు. నంబరు కలవకపోతే కలవలేదని చెప్పే హక్కు ఆ అధికారికి ఉంది. పోయిన మనిషిని దొంగ అనే హక్కు ఏ కుర్చీకీ లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు "మీకివన్నీ తెలియవు గానీ, ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే పంపండి" అన్నారు. బోరు, స్ట్రోకు, లేని రబ్బరు, ఆ కార్యాలయంలో ఎవరికీ తెలియనిదంతా నాకు తెలుసు. అయినా మాట పెగల్లేదు. బయటికొస్తే ఒక ఏజెంటు పట్టుకున్నాడు. ఫ్రేమ్ మీద అంకెలు అరగదీసి, పుస్తకంలో ఉన్న నంబరు పంచ్ కొట్టిస్తానన్నాడు. సాయంత్రానికల్లా పనైపోతుందట. అది నేరం. అంతకంటే పెద్ద తప్పు, ఆ బండి నిజాన్ని చెరిపేయడం. ఇలా పంచ్ కొట్టించుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. వాళ్ళ బళ్ళు ఏ ఏడాదివో ఇక ఎవరూ చెప్పలేరు. దయచేసి ఎవరు చెప్పినా ఆ అంకెల మీద సుత్తి పడనివ్వకండి. ఎమెరీ కాగితం కూడా పెట్టకండి, తుప్పుని కిరసనాయిల్ గుడ్డతో తుడిస్తే చాలు.

ఆ రాత్రి పాత పుస్తకాన్ని భూతద్దం పెట్టి చూశాను. రెండు గడుల్లోనూ ఒకే చేతిరాత, ఒకే సిరా. అప్పటి గుమాస్తా ఇంజన్ నంబరు చూసి రెండు చోట్లా అదే రాసేశాడు. ఫ్రేమ్ మెడ దగ్గర ఇంకో నంబరు ఉంటుందని వంగి చూసి ఉండడు. నిజానికి ఆ రోజుల్లో బీఎస్ఏ ఫ్యాక్టరీలో ఇంజన్‌కీ ఫ్రేమ్‌కీ ఒకే నంబరు వేసే పద్ధతే లేదు. ఎం 20కి రెండు నంబర్లూ కలిస్తేనే అనుమానించాలి. పాత బుల్లెట్లు చూసిన కళ్ళకి ఇది తప్పులా కనిపించింది.

సరే, నాకు తెలిసింది. కాగితం ఏది? ఇంగ్లండ్‌లో 1946 నుంచి నడుస్తున్న వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర బీఎస్ఏ ఫ్యాక్టరీ చిట్టాల నకళ్ళు ఉన్నాయి. రెండు నంబర్లకీ పెన్సిల్ ప్రింట్లు, ఫొటోలు పంపి, రుసుము కట్టాను. ఎదురుచూసిన ప్రతి రోజూ టెన్షనే. రెండూ వేరే వేరే బళ్ళవని వస్తే ఏం చేయాలి? సైన్యం వర్క్‌షాపుల్లో ఇంజన్లు మార్చడం మామూలే.

జవాబు వచ్చింది. ఫ్యాక్టరీ చిట్టాలో ఒకే వరుసలో ఆ ఇంజన్ నంబరు, ఆ ఫ్రేమ్ నంబరు. 1942లో సైన్యానికి పంపిన బండి. ఎనభై ఏళ్ళ పైబడి ఆ రెండు ముక్కలూ విడిపోలేదు. ఆ కాగితం నాన్న ఫొటో ముందు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

మూడోసారి ఆ అధికారి దగ్గరికి వెళ్ళలేదు, పై అధికారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ సర్టిఫికెట్ చదివి, బండి దగ్గరికి వచ్చి, స్వయంగా వంగి మెడ దగ్గర అంకెలు చూసి, "గుమాస్తా తప్పుకి మిమ్మల్ని తిప్పారమ్మా" అన్నారు. పది నిమిషాల్లో సంతకం అయింది, పాత నంబరు నిలిచింది. మొదటి ఆయన అక్కడే ఉన్నారు. తల ఎత్తలేదు. క్షమాపణ నాకు అక్కర్లేదు, నాన్నకి చెప్పి ఉండాల్సింది.

ఇంతకీ "కీస్" ఏమిటి? పాత పుస్తకంలో బదిలీల పేజీ చెదలు తినగా మిగిలింది ఒక వరుస. ప్రొప్రయిటర్, టూరింగ్ టాకీస్. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న ఈ బండిని డేరా సినిమా నడిపే ఆయన కొన్నారన్నమాట. ఎడమవైపు వెనకాల ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేసిన గుండ్రటి ఇనుప రింగు ఎందుకుందో అప్పటిదాకా అర్థం కాలేదు. పాలక్యాన్ కోసమేమో అనుకున్నాను.

ఆ టాకీస్‌లో ఆపరేటర్‌గా చేసిన పెద్దాయన పక్క ఊళ్ళో ఉన్నారని తెలిసి కబురు పెట్టాను. ఎనభై నాలుగేళ్ళు. నిన్న సాయంత్రం మనవడు తీసుకొచ్చాడు. ఇంజన్ వైపు చూడనే లేదు, నేరుగా రింగు మీద చెయ్యి వేశారు.

"రీలు డబ్బాలు పెట్టడానికమ్మా ఇది. రెండు ఊళ్ళలో రెండు డేరాలు, ప్రింటు ఒకటే. అక్కడ రీలు అయిపోవడం, ఈ బండి మీద ఇక్కడికి రావడం. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలే ఆడుతుంది. ఇది టైముకి రాకపోతే జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్ళు." పాతకాలం ఫిల్ము నిప్పురవ్వ పడితే భగ్గున అంటుకునేదనీ, అందుకే సైలెన్సర్‌కి దూరంగా ఎడమవైపు రింగు పెట్టించారనీ చెప్పారు. సైన్యంలో ఉత్తరాలు మోసిన జాతి బండి, మా వైపు సినిమాలు మోసిందన్నమాట.

"తాతగారూ, స్టార్ట్ చేయనా?" అని అడిగాను. కార్బురేటరూ, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో కుర్రాడు బాగుచేశాడు గానీ నాకు కిక్కు ఎప్పుడూ ఒక పట్టాన అందదు. "ముందు ఎడం చేతి కింద చిన్న లివరు నొక్కి నెమ్మదిగా తొక్కమ్మా, కంప్రెషన్ వదులుతుంది. ఇప్పుడు లివరు వదిలి గట్టిగా కొట్టు" అన్నారు. ఎప్పుడూ నడపలేదట. రోజూ చూసేవారంతే.

మూడో కిక్కుకి అందుకుంది. ఆ చప్పుడు వినగానే ఆయన చేతి గడియారం చూసుకున్నారు.